ఒకటిన్నరా, పదిహేనా?

ఆడికృత్తిక మర్నాడు. తిరుత్తణి కొండ దిగి ఊళ్లకు తిరిగిపోయే కావడి జనంతో బస్సులు ఇంకా కిక్కిరిసే ఉన్నాయి. ఆ రద్దీలోంచి దిగి మా బడి గేటు దగ్గర నిలబడింది ఒకమ్మాయి. మూడేళ్ల కిందట మా దగ్గర తెలుగు మీడియంలో పదో తరగతి ముగించిన పిల్ల. తండ్రి మరమగ్గం నడుపుతాడు, తల్లి కండెలు చుడుతుంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది.

పలకరింపులయ్యాక సంచిలోంచి ఒక కాగితం తీసి మా ముందు పెట్టింది. "సార్, డోసు లెక్కల పరీక్ష తప్పాను" అంది.

కాగితం మీద ఇంగ్లీషులో ఉన్న లెక్క ఇది. డాక్టరు 375 మిల్లీగ్రాముల అమికాసిన్ ఇంజెక్షన్ ఇమ్మని రాశారు. చేతిలో ఉన్న వయల్‌లో 2 మిల్లీలీటర్ల ద్రవంలో 500 మిల్లీగ్రాముల మందు ఉంది. ఎన్ని మిల్లీలీటర్లు సిరంజిలోకి తీయాలి?

ఆమె చేసిన పద్ధతి తప్పు కాదు. 375ను 500తో భాగించి 2తో గుణించింది. పక్కన రఫ్‌గా వేసిన చోట 1.5 అనే వచ్చింది. జవాబు గడిలో రాసేటప్పుడు మాత్రం చుక్క జారిపోయింది. 15 అని రాసింది.

మేము ఏమీ అనలేదు. ఒక ప్రశ్న అడిగాం. "ఒక వయల్‌లో ఎంత మందుంటుందమ్మా?"

"రెండు ఎం.ఎల్. సార్."

"పదిహేను ఎం.ఎల్. కావాలంటే ఎన్ని వయల్స్ తెరవాలి?"

వేళ్లు లెక్కపెట్టుకుంది. "ఏడున్నర..." అని ఆగిపోయింది. కొంచెంసేపటికి, "ఒక్క పేషెంటుకు ఏడున్నర వయల్సా సార్!" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం పాలిపోవడం చూశాం. కాగితం మీద కాబట్టి పోయింది మార్కు. పేషెంటు పక్కన అయితే ఏం పోయేదో ఆ పిల్లకు మేము చెప్పక్కర్లేకపోయింది.

మార్కు వేసింది మేమే

ఆ జవాబులో చుక్కతో పాటు ఇంకొకటి కూడా లేదు. 15 ఏమిటి? మిల్లీలీటర్లా, మిల్లీగ్రాములా, చుక్కలా? యూనిట్ రాయలేదు. "ఎందుకు రాయలేదు?" అంటే, "అలవాటు లేదు సార్" అంది.

ఆ జవాబు మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఆమె తన పదో తరగతి గణితం నోటు పుస్తకం ఇంట్లో దాచుకుందని తెలిసి, తర్వాతి ఆదివారం తెమ్మన్నాం. తిరగేసి చూస్తే, "మొత్తం ఖర్చు = 240", "కాలం = 6", "నీరు = 4.5" అని వరసగా జవాబులు. రూపాయలు, గంటలు, లీటర్లు అన్న మాటలు ఎక్కడా లేవు. ప్రతి లెక్క కిందా మా ఎర్ర సిరా టిక్కు ఉంది.

పబ్లిక్ పరీక్ష దగ్గర పడుతోందన్న తొందర, తరగతి మొత్తం నోటు పుస్తకాలు ఒక్క రాత్రిలో దిద్దేయాలన్న హడావిడి, పిల్లకు ఒక మార్కు కలిస్తే మంచిదే కదా అన్న జాలి. ఈ మూడూ కలిసి మా చేత ఆ టిక్కులు పెట్టించాయి. యూనిట్ రాయకపోయినా పరవాలేదని ఆమెకు ఎవరూ నోటితో చెప్పలేదు. మా ఎర్ర సిరా చెప్పింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఆరో తరగతి పాఠం ఎంత దూరం వెళుతుందంటే

తిరువళ్లూరు జిల్లాలో తెలుగు మీడియం పిల్లల తల్లిదండ్రుల సభల్లో ఇప్పుడు తరచుగా వినబడే మాట నర్సింగ్. తర్వాత ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు. 2022 జనవరిలో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభమైన 11 ప్రభుత్వ వైద్య కళాశాలల్లో తిరువళ్లూరుది ఒకటి. జి.హెచ్.కు వెళ్లి వచ్చిన ప్రతి తల్లీ తెల్లకోటు వేసుకున్న విద్యార్థులను చూసి వస్తోంది. మా పిల్ల కూడా అలా నిలబడితే బాగుండునని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

అయితే చాలామంది తల్లిదండ్రులకు తెలియని విషయం ఒకటుంది. నర్సింగ్‌కు వెళ్లాలనుకునే పిల్లల్లో చాలామంది ప్లస్ వన్‌లో ప్యూర్ సైన్స్ గ్రూపు తీసుకుంటారు. అందులో భౌతిక, రసాయన, వృక్ష, జంతుశాస్త్రాలుంటాయి, గణితం ఉండదు. లెక్కలంటే భయం ఉన్న పిల్లలు ఆ గ్రూపును ఇంకా ఇష్టంగా ఎంచుకుంటారు. అంటే వాళ్లు బడిలో నేర్చుకునే ఆఖరి గణితం పదో తరగతిదే. రెండు మూడేళ్ల తర్వాత వార్డులో సిరంజి పట్టుకున్నప్పుడు వాళ్లకు దిక్కయ్యేది ఆ గణితమే.

అది కూడా పెద్ద గణితం కాదు. డోసు లెక్కలకు ఆల్జీబ్రా అక్కర్లేదు, త్రికోణమితి అక్కర్లేదు. కావలసినవి నాలుగు: దశాంశాలు, భిన్నాలు, కొలతల మార్పిడి, నిష్పత్తి-అనుపాతం. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో నిష్పత్తి-అనుపాతం ఆరో తరగతిలోనూ, అనులోమ, విలోమ అనుపాతాలు ఏడో తరగతిలోనూ వస్తాయి. కాబట్టి ఆరో తరగతికి లెక్కలు చెప్పే ఉపాధ్యాయుడు తనకు తెలియకుండానే రేపటి నర్సులకు మందుల పాఠం చెబుతున్నాడు.

మన పాత లెక్కే

ఆ అమ్మాయి నర్సింగ్ పుస్తకంలో డోసు సూత్రం ఇంగ్లీషులో ఉంది. డిజైర్డ్ బై హ్యావ్ ఇంటూ క్వాంటిటీ. కావలసిన మందును చేతిలో ఉన్న మందుతో భాగించి, ఆ మందు ఎంత ద్రవంలో ఉందో దానితో గుణించడం. ఆమె దీన్ని మంత్రంలా బట్టీ పట్టింది. ఏది పైన, ఏది కింద అన్నది పరీక్ష గదిలో తారుమారవుతుందేమోనని భయపడుతోంది.

మేము ఆమెకు వేరే పేరు చెప్పాం. త్రైరాశికం. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథంలో ఈ పద్ధతి చెప్పాడు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో దీనికి పెద్ద పీట వేశాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో గణితం చెప్పిన తొలి పుస్తకంగా మనం చెప్పుకునేది అదే.

త్రైరాశికంలో మూడు రాశులుంటాయి: ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం వస్తుంది. ఇప్పుడు అమికాసిన్ లెక్కను దీనిలో పెట్టి చూడండి. వయల్‌లో ఉన్న 500 మిల్లీగ్రాములు ప్రమాణం. అది ఉన్న 2 మిల్లీలీటర్లు ఫలం. డాక్టరు కోరిన 375 మిల్లీగ్రాములు ఇచ్ఛ. రెండును 375తో గుణిస్తే 750. దాన్ని 500తో భాగిస్తే 1.5 మిల్లీలీటర్లు. ఇంగ్లీషు పుస్తకంలో డిజైర్డ్ అన్న మాటకు మన పాత లెక్కల్లో ఉన్న మాట ఇచ్ఛ. అర్థం కూడా ఒకటే, కోరినది అని.

ఈ మాట చెప్పగానే ఆ పిల్ల ముఖంలో వెలుగు కనిపించింది. "మా నాన్న నూలు లెక్క ఇట్లాగే వేస్తాడు సార్. ఇన్ని గజాలకు ఇంత నూలు పడితే, ఆర్డరు వచ్చిన గజాలకు ఎంత పడుతుందని నోటితోనే చెప్పేస్తాడు" అంది. తండ్రి నోట్లో ఉన్న లెక్క, కూతురి పుస్తకంలో ఉన్న లెక్క ఒకటేనని ఆమెకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. తెలుగు మీడియంలో చదివినందువల్లే తాను వెనకబడ్డానని అనుకుంటున్న పిల్లకు ఆ ఒక్క సంగతి చాలా ధైర్యం ఇచ్చింది.

చుక్క, సున్న, పేరు

డోసు లెక్కల్లో తప్పులు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతాయి.

మొదటిది దశాంశ బిందువు. అర మిల్లీగ్రామును .5 అని రాస్తే చుక్క కనపడక ఎవరో 5 అని చదువుతారు. పది రెట్లు. అందుకే ముందు సున్న పెట్టి 0.5 అని రాయాలి. అలాగే అయిదును 5.0 అని రాయకూడదు. చుక్క చెరిగితే అది 50 అవుతుంది. చుక్క ముందు సున్న తప్పనిసరి, చుక్క వెనక ఉత్త సున్న నిషేధం. మందుల భద్రత గురించి చెప్పే ప్రతిచోటా ఈ నియమం ఉంటుంది. మన గణితం తరగతిలో మాత్రం .5, 0.5 రెండింటికీ మార్కు వేస్తాం.

రెండోది కొలత పేరు. 1 గ్రాములో 1,000 మిల్లీగ్రాములు, 1 మిల్లీగ్రాములో 1,000 మైక్రోగ్రాములు. చాలా ఇళ్లలో ఉండే థైరాయిడ్ మాత్ర అట్ట తీసి చూడండి. 25, 50, 100 అని అంకె ఉంటుంది. అవి మైక్రోగ్రాములు. 100 మైక్రోగ్రాములంటే 0.1 మిల్లీగ్రాము. మైక్రోను మిల్లీ అనుకుంటే వెయ్యి రెట్లు తేడా. ఇన్సులిన్‌కు యూనిట్లు అని రాయాల్సిన చోట ఇంగ్లీషు యు అక్షరం ఒక్కటే గీస్తే అది సున్నలా కనపడుతుంది. 4 యూనిట్లు 40 అయిపోతుంది. అందుకే యూనిట్ అన్న మాటను పూర్తిగా రాయమంటారు.

మూడోది మందు బలం. 2007 నవంబరులో అమెరికాలో సినీ నటుడు డెనిస్ క్వెయిడ్ కవల పసికందులకు ఆసుపత్రిలో హెపారిన్ అనే మందు ఇచ్చారు. మిల్లీలీటరుకు 10 యూనిట్లు ఉన్న సీసా వాడాల్సిన చోట 10,000 యూనిట్ల సీసా వాడారు. వెయ్యి రెట్లు. రెండు సీసాలూ చూడటానికి ఒకేలా ఉన్నాయి. అదృష్టవశాత్తూ పిల్లలు బతికారు. పేరు ఒకటే, బలం వేరు. పేరు చదివి ఆగిపోతే చాలదు.

ఇలాంటి తప్పులు ఏదో ఒక్క దేశానివి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే నివారించదగ్గ తీవ్ర హానిని అయిదేళ్లలో సగానికి తగ్గించాలని ఒక కార్యక్రమమే మొదలుపెట్టింది.

ఎర్ర మూత, నారింజ మూత

మన ఊళ్లలో చక్కెర వ్యాధి ఉన్న ఇల్లు వెతకనక్కర్లేదు. అమ్మమ్మకో తాతకో ఇన్సులిన్ వేసేది చాలాచోట్ల బడికి పోయే మనవరాలే. అందుకని ఈ లెక్క నర్సింగ్ విద్యార్థులకే పరిమితం కాదు.

మన దేశంలో మందుల షాపుల్లో దొరికే ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువ వాటిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉండేవీ ఉన్నాయి. రెండింటికీ వేరే వేరే సిరంజిలు. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. సిరంజి మీద గీతలు ఆ బలానికి తగ్గట్టే గీసి ఉంటాయి.

12 యూనిట్లు వేయాలనుకోండి. 40 యూనిట్ల ఇన్సులిన్‌లో అది 0.3 మిల్లీలీటరు. ఎర్ర మూత సిరంజిలో 12 గీత దగ్గర ఉండేది సరిగ్గా అంతే. అదే సిరంజిలోకి 100 యూనిట్ల ఇన్సులిన్ 12 గీత వరకు తీస్తే, ఆ 0.3 మిల్లీలీటరులో 30 యూనిట్లు ఉంటాయి. రెండున్నర రెట్లు. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. తారుమారై 40 యూనిట్ల ఇన్సులిన్‌ను నారింజ మూత సిరంజిలో 12 గీత వరకు తీస్తే లోపలికి వెళ్లేది 4.8 యూనిట్లే. చక్కెర తగ్గదు. ఎందుకు తగ్గలేదో ఎవరికీ అర్థం కాదు.

సీసా మీద రాసిన బలం, సిరంజి మీద రాసిన అంకె రెండూ ఒకటేనా అని ప్రతిసారీ చూడటం నేర్పితే చాలు. ఎనిమిదో తరగతి పిల్ల ఆ పని చేయగలదు.

సెలైన్ సీసా ముందు

ఆ అమ్మాయి అడిగిన రెండో లెక్క సెలైన్‌ది. 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో ఎక్కాలి. ట్యూబు మిల్లీలీటరుకు 20 చుక్కలు వదులుతుంది. నిమిషానికి ఎన్ని చుక్కలు?

మొత్తం చుక్కలు 500 ఇంటూ 20, అంటే 10,000. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే 41.67, సుమారు 42 చుక్కలు. వార్డులో నర్సు నిమిషమంతా నిలబడి లెక్కపెట్టలేని పరిస్థితిలో పావు నిమిషం, అంటే 15 సెకన్లు చూస్తుంది. పది లేక పదకొండు చుక్కలు పడితే సరిగ్గా పోతున్నట్టు.

అదే సీసా 2 గంటల్లో ఎక్కాలంటే? కాలం సగమైతే చుక్కలు రెట్టింపు, నిమిషానికి 83. ఇది ఏడో తరగతి విలోమానుపాతం. పనివాళ్లు ఎక్కువైతే రోజులు తక్కువ అని మేము చెప్పే గోడ కట్టే లెక్కకూ, దీనికీ తేడా లేదు. చిన్నపిల్లలకు వాడే సన్న చుక్కల సెట్టులో మిల్లీలీటరుకు 60 చుక్కలు పడతాయి. గంటకు 60 నిమిషాలే కాబట్టి గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు. 100 మిల్లీలీటర్లు 4 గంటల్లో అంటే గంటకు 25, నిమిషానికి 25 చుక్కలు. ఇది ఎందుకు ఇలా కుదురుతుందో చెప్పినప్పుడు ఆ పిల్ల చాలాసేపు నవ్వుకుంది. కాలేజీలో దాన్ని కారణం తెలియకుండానే బట్టీ పట్టిందట.

ఇంగ్లీషు చీటీ, తమిళ వార్డు, తెలుగు లెక్క

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అప్పటి నుంచి ఈ ప్రాంతపు తెలుగు పిల్లలు రెండు భాషల మధ్య పెరుగుతున్నారు. 2006 చట్టం తర్వాత బడిలో తమిళం కూడా తప్పనిసరి అయింది. నర్సింగ్‌లో చేరిన పిల్లకు మూడు భాషలూ ఒకేసారి పని పడతాయి. డాక్టరు చీటీ ఇంగ్లీషులో. పేషెంటు బాధ తమిళంలో. తన మనసులో లెక్క తెలుగులో.

దీన్ని భారమని మేము కూడా అనుకునేవాళ్లం. డోసు లెక్కల దగ్గర మాత్రం వేరే సంగతి గమనించాం. ఇంగ్లీషులో వన్ పాయింట్ ఫైవ్ అన్న మాటను హడావిడిలో వింటే, మధ్య మాట వినపడకపోతే, వన్ ఫైవ్ అయిపోతుంది. తెలుగులో ఒకటిన్నర, పదిహేను ఎంత గట్టిగా అరిచినా, ఎంత మెల్లగా చెప్పినా ఒకదానికొకటి పోలవు. తమిళంలోనూ అంతే. ఒన్నరై వేరు, పదినైందు వేరు. 0.25 అంటే పావు, 0.75 అంటే ముప్పావు, 2.5 అంటే రెండున్నర. మన పెద్దలు పరక అంటే ఎనిమిదో వంతు, వీసం అంటే పదహారో వంతు అని కూడా పేర్లు పెట్టుకున్నారు.

అందుకని ఆ అమ్మాయికి ఒక అలవాటు చెప్పాం. జవాబు వచ్చాక దాన్ని మనసులో తెలుగులో ఒకసారి చదువుకో. ఒకటిన్నర మిల్లీలీటర్లు అని పూర్తి మాట అనుకో. మాట వింతగా అనిపిస్తే లెక్క మళ్లీ చెయ్యి. ముందే ఒక అంచనా కూడా వేసుకో. డాక్టరు కోరింది వయల్‌లో ఉన్నదానికన్నా తక్కువైతే, తీసే ద్రవం కూడా వయల్‌కన్నా తక్కువే ఉండాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే పక్కనున్న సీనియర్ నర్సును అడుగు, సిగ్గుపడకు. ఇన్సులిన్, హెపారిన్ లాంటి మందులకు ఇద్దరు నర్సులు విడివిడిగా లెక్క చూసుకోవడం మంచి వార్డుల్లో ఉన్న పద్ధతే.

ఇంట్లో సిరప్ సీసా

తల్లిదండ్రులకు దగ్గరగా ఉన్న లెక్క జ్వరం సిరప్‌ది. పారాసిటమాల్ సిరప్ ఒకే బలంలో రాదు. కొన్ని సీసాల్లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉంటుంది. కొన్నింటిలో 250. పసిపిల్లల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు.

ఒక పిల్లవాడికి డాక్టరు 180 మిల్లీగ్రాములు ఇమ్మన్నారనుకోండి. మొదటి సీసాలో అది ఏడున్నర మిల్లీలీటర్లు. రెండో సీసాలో 3.6. చుక్కల మందులో 1.8. పోయినసారి ఏడున్నర పోశాం కదా అని చుక్కల మందు ఏడున్నర పోస్తే పిల్లవాడికి వెళ్లేది 750 మిల్లీగ్రాములు. చెప్పినదానికి నాలుగు రెట్లకు పైగా. మోతాదు మించిన పారాసిటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. సీసా మారిన ప్రతిసారీ బలం చదవాలి, ఎన్ని మిల్లీలీటర్లో డాక్టరునో ఫార్మసిస్టునో అడగాలి. పిల్లల మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి అన్నకు చెప్పింది తమ్ముడికి పోయకూడదు. వంటింటి చెంచాతో కొలవకూడదు. ఒక ఇంటి చెంచా ఇంకో ఇంటి చెంచా అంత ఉండదు. సీసాతో వచ్చిన కొలత మూతో, సూది లేని సిరంజో వాడాలి.

మా సభలో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక తల్లి లేచింది. "సార్, నాకు చదువు రాదు. ఇన్నాళ్లూ సీసా మూత నిండా పోసేదాన్ని" అంది. పక్కన కూర్చున్న ఆమె కొడుకు ఏడో తరగతి. ఆ సీసా మీది అంకెలు చదవడం వాడికి వచ్చు. వాడిని చదివించాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. బడిలో మాకూ తోచలేదు.

బడిలో మేము మొదలుపెట్టినవి

పెద్ద ఖర్చులేమీ లేవు. మందుల షాపులో కొన్న కొత్త సిరంజిలు, సూదులు తీసేసినవి, కొన్ని తెచ్చాం. వాడినవి బడిలోకి రానివ్వం. పసుపు కలిపిన నీళ్లు మందు. కాగితం మీద సీసా బలం రాసి అంటిస్తాం. ఒక జట్టు డాక్టరు, ఒక జట్టు నర్సు, ఒక జట్టు తనిఖీ. ఆరో తరగతి నిష్పత్తి పాఠం ముగిశాక రెండు పీరియడ్లు చాలు.

ఏడో తరగతికి ఒక కొత్త సెలైన్ సెట్టును నీళ్ల సీసాకు తగిలించి, గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టిస్తాం. బెంచీల మీద కదలకుండా కూర్చోలేని పిల్లలు ఆ పావు నిమిషం ఊపిరి బిగబట్టి చూస్తారు. పై తరగతులకు ఇంగ్లీషు చీటీలో వచ్చే మాటలను తెలుగు అర్థంతో పలక మీద రాస్తున్నాం. బి.డి. అంటే రోజుకు రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, స్టాట్ అంటే వెంటనే. సరైన మనిషికి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారిలో, సరైన వేళకు అన్న నర్సుల అయిదు నియమాలు తరగతి గోడ మీద ఉన్నాయి.

మార్కుల దగ్గర కూడా మారాం. యూనిట్ రాయకపోతే అర మార్కు తీసేస్తున్నాం. .5 అని రాస్తే చుక్క చుట్టూ సున్న చుట్టి వెనక్కి ఇస్తున్నాం. మొదటి నెల కొందరు తండ్రులు వచ్చి గట్టిగానే అడిగారు. "జవాబు కరెక్టే కదా సార్, మార్కు ఎందుకు కోశారు?" అన్నారు. వాళ్లకు ఆ అమ్మాయి లెక్క చూపించాం, పేరు చెప్పకుండా. ఏడున్నర వయల్స్ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి అందరూ నిశ్శబ్దమైపోయారు. ఒక తండ్రి మాత్రం, "అయితే మొత్తం మార్కూ తీసేయండి సార్" అన్నాడు. అంత అక్కర్లేదన్నాం.

ఆ అమ్మాయి మళ్లీ పరీక్ష రాసింది. పదికి తొమ్మిది సరిగ్గా వచ్చాయని రాత్రి ఫోన్ చేసింది. ఆ పదోది ఎక్కడ పోయిందో మేము అడగకముందే తనే చెప్పింది. మైక్రోగ్రాములను మిల్లీగ్రాములుగా మార్చడం మరిచిపోయిందట. "జవాబు తెలుగులో చదువుకుంటే వింతగా అనిపించింది సార్. కానీ టైమైపోయింది" అంది. వచ్చేసారి అది కూడా సరిచేస్తానంది.

ఈ పేజీ చదువుతున్న తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ రాత్రి ఇంట్లో ఉన్న ఒక సిరప్ సీసా తీసి మీ పిల్ల చేతికి ఇవ్వండి. ఎన్ని మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీగ్రాములు ఉందో చదివి తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే కోప్పడకండి. మర్నాడు ఆ సీసాతో బడికి పంపండి. ఆ సీసాతోనే పాఠం మొదలుపెడతాం.